నాలుగో పేజీలో గుడి

దేవ్‌బందర్ కోళివాడ
16 నవంబరు 1986

చిరంజీవి దత్తూకి, అక్క హౌసా దీవించి రాస్తున్నది.

ముందు నీ ఒళ్లు ఎలా ఉందో చెప్పు. కిందటి ఉత్తరంలో గొంతు పట్టేసిందన్నావు, వదిలిందా? వదలకపోతే దాచకు. దాచినా నాకు తెలుస్తుంది. వృంద నడుము నొప్పి తగ్గిందా? ఆ ఎత్తు మడమల చెప్పులు మానమని చెప్పావా, భయపడి ఊరుకున్నావా? మేధకి కళ్లద్దాల నంబరు ఆగిందా, ఇంకా పెరుగుతోందా? శంతను మొటిమలకి పసుపు రాయమన్నాను, రాశాడా? మీ అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఆవిడ నన్ను అడగదు గానీ నేను అడిగానని చెప్పు. మీ కుక్క చెవిలో ఏదో అయిందన్నారు, తల విదిలించడం మానిందా? నీ ఓడ ఎలా ఉంది? దానికేమైనా నువ్వు నాకు చెప్పవు. అయినా అడుగుతున్నా.

ఇక్కడ నేను బాగున్నానని రాయాలి కాబట్టి రాస్తున్నా. షుగరు ఉన్న చోటే ఉంది. నా కోడలు శెవంతా ఎండు చేపలు ఆరబెట్టే చోట జారి చెయ్యి బెణికించుకుంది. ఈ ఏడు బొంబిల్ చేప బాగా పడింది గానీ మబ్బు పట్టి సరిగా ఎండలేదు. నీకు పంపుదామనుకున్నాను. మీ వీధిలో వాసన గురించి వృంద కిందటిసారి అన్నమాట గుర్తొచ్చి మానుకున్నా.

రాత్రి గాలి లేస్తే చాలు, నువ్వు ఎక్కడున్నావో అని లేచి కూర్చుంటా. ముప్ఫై మూడేళ్లయింది నువ్వు ఆ తెల్ల బట్టల కొలువులో చేరి. ముందు నీ భుజం మీద ఒక గీత, తర్వాత రెండు, తర్వాత మూడు, ఇప్పుడు నాలుగు. ప్రతి గీతకీ నేనొక మొక్కు మొక్కాను. గీత రావాలని కాదు, గీతతోపాటు ఒడ్డు మీద కుర్చీ రావాలని. ఖండోబా నా మాట సగమే వింటున్నాడు. యుద్ధమప్పుడు పదమూడు రోజులు ఒంటిపూట తిన్నాను. తీరా చూస్తే ఆ పదమూడు రోజులూ నువ్వు కొచ్చిలో నల్లబల్ల ముందు నిలబడి పిల్లలకి పాఠాలు చెప్పావు. ముందే చెప్పి ఉంటే రెండుపూటలా తినేదాన్ని.

పాండూ నాఖవా గుర్తున్నాడుగా, నీతోపాటు గోచీ పెట్టుకుని ఈదినవాడు. ఇప్పుడు రెండు పడవలకి యజమాని. మొన్న నలుగురిలో అన్నాడు, "హౌసక్కా, మీ తమ్ముడికి ఓడ ఉందంటావు, ఎవరు చూశారు? నా పడవైతే రోజూ కళ్లెదురుగా ఉంటుంది" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఇది నాలుగో కాగితం. ఊళ్లో ఇంకో సంగతి. కొండ ముక్కు మీద మన ఖండోబా గుడి బీటలు వారిందని రాశానుగా. నీకు ఓడ దక్కితే శిఖరం కట్టిస్తానని నేను మొక్కుకున్నది ఈ దసరాకి తీరింది. పాత చోట మళ్లీ కడితే కూలుతుందని మేస్త్రీ అన్నాడు. అందుకని ఉత్తరంగా, విడెం నోట్లో పెట్టుకుని నడిస్తే నమలడం అయ్యేంత దూరంలో, ఎత్తు మీద కట్టాం. పాతది తీసేశాం. శిఖరం అంతే ఎత్తు, అదే సున్నం తెలుపు, అదే జెండా. సముద్రంలోంచి నువ్వు దూరాన్నుంచే చూడాలని నేనే ఆ చోటు కోసం పట్టుబట్టాను. గుమ్మం పక్క రాయి మీద "కెప్టెన్ దత్తారామ్ తాండేల్ క్షేమం కోసం" అని చెక్కించాం. కొత్త శిఖరం చూసి దారి పెట్టుకోవద్దని మన పడవలవాళ్లకి చెప్పేశాం. వాళ్లిప్పుడు ఐసు ఫ్యాక్టరీ గొట్టం చూసుకుని వస్తున్నారు.

ఒక్కసారి నీ ఓడని మన ఒడ్డు పక్కగా తీసుకురా దత్తూ. దగ్గరికి రావద్దు, దగ్గరికొస్తే నాకు భయం. కనపడేంత దగ్గరికి వస్తే చాలు. గొంతుకి మిరియాల కషాయం తాగు.

నీ అక్క
హౌసా

*

బొంబాయి
2 డిసెంబరు 1986

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం అందింది. పూర్తిగా చదివాను. సంతోషం.

నా గొంతు నయమైంది. వృంద నడుము ఫర్వాలేదు. మేధ నంబరు ఆగింది. శంతను పసుపు రాయడు. అత్తగారి మోకాళ్లు అలాగే ఉన్నాయి. కుక్క బాగుంది. ఓడ బాగుంది.

ఫిబ్రవరి 21 శనివారం గోవా వెళుతూ దేవ్‌బందర్ ముందునుంచి వెళతాను. ఉదయం ఏడు గంటలకి ఒడ్డున ఉండు. మూడుసార్లు కూత వేయిస్తాను. పాండూని కూడా రమ్మను.

దత్తారామ్

*

దేవ్‌బందర్ కోళివాడ
23 ఫిబ్రవరి 1987

నాయనా దత్తూ,

నీ ఒళ్లు ఎలా ఉంది? వృంద, పిల్లలు, మీ అత్తగారు, అందరూ కులాసా అనుకుంటా. ఇవాళ ఆ సంగతులు ఎక్కువ అడగను. నా కడుపు నిండిపోయింది.

తెల్లారకముందే ఊరంతా ఇసుకలోకి వచ్చేసింది. నేను నా పెళ్లినాటి పచ్చ చీర కట్టుకున్నాను. శెవంతా నవ్వింది. నవ్వనీ. ఏడింటికి ముందే బూడిదరంగు కొండలాగా నీ ఓడ కనిపించింది. కూత మూడుసార్లే అన్నావు, నేను ఏడు లెక్కపెట్టాను. ఆ తర్వాత ఆగిపోయింది! ఊరికే పోతుందనుకున్నది, సరిగ్గా మన వాకిటి ముందు, ముసలమ్మ మేట దగ్గర ఆగి నిలబడింది. పొద్దున ఏడు నుంచి దీపాలు పెట్టేదాకా! అంత పెద్ద ఓడని నా కోసం పగలంతా ఆపిన తమ్ముడు ఈ కోళివాడలో ఎవరికున్నాడు? కొంచెం ఒక పక్కకి ఒరిగి, మా వైపు తల వంచి దణ్ణం పెడుతున్నట్టుంది. తాడుకి మూడు నల్ల బంతులు కట్టి ఎగరేశారు. అలంకారం బాగుంది గానీ పూలదండైతే ఇంకా బాగుండేది.

పాండూ నోరు ఊరుకుంటుందా? "అక్కా, అది ఆగలేదు, ఎక్కింది. ఆ మూడు బంతులకీ అర్థం అదే" అన్నాడు. "నీ పడవ ఎక్కుతుంది, నా తమ్ముడి ఓడ ఆగుతుంది" అన్నాను. వాడి నోరు మురిగిన రొయ్యపొట్టు. "మూడుసార్లు వాళ్ల వెనక చక్రాలు ఇసుక కలియబెట్టాయి, చూడలేదా" అన్నాడు. చూశాను. లంగరు వేసుకుంటున్నారని చెప్పాను.

చందువ చేపల కూర, బియ్యం రొట్టెలు చేసి పాండూ పడవలోనే పంపించాను. నీ మనుషులు పైనుంచి గొట్టంలో అరిచి వెనక్కి పొమ్మన్నారట. సర్కారీ ఓడలో బయటి తిండి తినరేమో. సాయంత్రం ఇంకో చిన్న ఓడ వచ్చి తాడు కట్టి నిన్ను తీసుకెళ్లింది. పెద్దవాళ్లని అలా ఎదురొచ్చి తీసుకెళ్లడం మర్యాదే.

మళ్లీ ఎప్పుడొస్తావు? రావద్దులే. ఒక్కసారి చాలు.

అక్క

*

బొంబాయి
1 మార్చి 1987

అక్కా,

ఓడ నీ కోసం ఆగలేదు. ఇసుకమేట ఎక్కింది.

నాకు ఒక్క సంగతి తెలియాలి. వెంటనే రాయి. ఖండోబా గుడి ఎప్పుడు కదిలింది? మా పటంలో కొండ ముక్కు మీద ఉంది. మేము ఆ శిఖరానికి గురిపెట్టి, ఓడ ఎక్కడుందో పటం మీద గుర్తు వేసుకుంటాం. శిఖరం ఉండాల్సిన చోట లేకపోతే ఓడా మేమనుకున్న చోట ఉండదు. అంత పెద్ద మార్పు జరిగితే నాకెందుకు రాయలేదు? మిగతావన్నీ రాస్తావే!

దత్తారామ్

*

దేవ్‌బందర్ కోళివాడ
7 మార్చి 1987

దత్తూ,

నీ ఒళ్లు ఎలా ఉంది? నిద్రపడుతోందా? నిజం చెప్పు.

నేను రాశాను. నవంబరులో రాశాను. నాలుగో కాగితం మీద రాశాను. ఏ దిక్కుకి, ఎంత దూరం, ఎవరి మొక్కు, అన్నీ రాశాను. "పూర్తిగా చదివాను, సంతోషం" అని నువ్వు జవాబు రాశావు. ఆ కాగితం నా ఎదురుగా ఉంది. మళ్లీ మళ్లీ చూస్తున్నా. గొంతుకి జవాబుంది, నడుముకి జవాబుంది, కుక్కకి కూడా జవాబుంది. గుడికి లేదు. శెవంతా చెయ్యికి లేదు. బొంబిల్‌కి లేదు. ముప్ఫై మూడేళ్లుగా నువ్వు ఒంటి సంగతులకే జవాబిస్తావు, మగవాడు కదా, ఊళ్లో కబుర్లు పట్టవులే అనుకున్నాను. ఒంటి సంగతులు మొదటి కాగితం మీద ఉంటాయని నాకు తట్టలేదు.

ఇంకోటి కూడా చెబుతా. ఓడ ఎక్కిందని నాకు ఆ రోజే తెలుసు. కోళీ జాలరి పుటక పుట్టి, ఇసుకెక్కిన పడవని గుర్తుపట్టలేనా? మన నాన్న తాండేల్, ఆయన తండ్రి తాండేల్, పడవ నడిపేవాడని ఊరు ఇచ్చిన ఇంటిపేరు అది. ఉన్నది రాస్తే నువ్వు సిగ్గుపడతావని, ఆగిందని రాశాను. నువ్వు ఆ ఉత్తరం చదివి నవ్వుకుంటావనుకున్నా. ఇప్పుడనిపిస్తోంది, దాన్నైనా మొత్తం చదివావా అని.

నిన్నేమైనా చేస్తారా? ఉద్యోగం తీసేస్తారా? జైల్లో పెడతారా? వృంద ఏమంటోంది? ఓడలో ఎవరికైనా దెబ్బలు తగిలాయా? ఉన్నది ఉన్నట్టు రాయి. నా షుగరు గురించి ఆలోచించకు.

అక్క

*

బొంబాయి
18 మార్చి 1987

అక్కా,

ఎవరికీ దెబ్బలు లేవు. ఓడ అడుగున రేకు నలిగింది. బాగుచేస్తున్నారు. జైలు మాట మర్చిపో.

నీకు తెలియాల్సినంత చెబుతాను. రియర్ అడ్మిరల్ పదవికి నలుగురి పేర్లు పైకి వెళ్లాయి. అందులో నాదొకటి. జూన్‌లో తేలుతుంది. ఇప్పుడు విచారణ నడుస్తోంది కాబట్టి నా పేరు పక్కన పెట్టారు. పటంలో ఉన్న గుడి కదిలింది, కదిలిందని నౌకాదళానికి ఎవరూ చెప్పలేదు, కెప్టెన్‌కి తెలిసే దారి లేదు. నా తరఫున మాట ఇదే. ఇది నిలబడితే నేను నిలబడతాను.

గుడి చోటు కొలవడానికి ఒక అధికారి మీ ఊరు వస్తాడు. అడిగినదానికి అవును, కాదు అని చెప్పు. అంతకుమించి మాట్లాడకు. ఓడ అంత దగ్గరికి ఎందుకొచ్చిందని అడిగితే నీకు తెలియదను. కుర్ర అధికారులకి తీరం పక్కన దారి పట్టడం నేర్పడానికి వచ్చామని నేను రాసిచ్చాను.

నీ నవంబరు ఉత్తరం ఓడలో చదివాను. వెలుతురు తక్కువ. ఒక పేజీ దాటిపోయి ఉంటుంది. నా పాత ఉత్తరాలు నీ దగ్గరుంటే, వాటికి చెదలు పడతాయి. ఉంచుకోవాల్సిన పని లేదు.

దత్తారామ్

*

దేవ్‌బందర్ కోళివాడ
20 మార్చి 1987

దత్తూ,

ఒళ్లు జాగ్రత్త. నీకొక మంచి వార్త. నిన్న మీ అధికారి వచ్చాడు. సల్దానా అని, గోవా అబ్బాయి, ముప్ఫై అయిదేళ్లుంటాయి, చేతిలో ఇత్తడి దుర్భిణి, వెంట ఇద్దరు నావికులు. గుడి దగ్గర కొలతలు తీసుకున్నాక మంచినీళ్ల కోసం మన గుమ్మంలోకి వచ్చాడు. ఊరికే నీళ్లిచ్చి పంపిస్తానా? కోకం వేసి చందువ పులుసు పెట్టాను. మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. నీ గురించి ఒక్క మాట తక్కువ చెప్పలేదు నేను. విను.

గుమ్మం రాయి మీద నీ పేరు చదివి, "ఈ కెప్టెన్ గారు మీకేమవుతారమ్మా?" అన్నాడు.

"నా చేతుల్లో పెరిగాడు బాబూ. అమ్మ పోయేటప్పటికి వాడికి రెండేళ్లు."

"ఆయనకి ఈ చోటు బాగా తెలుసన్నమాట."

"తెలియకపోవడమేంటి! ఆరో ఏటే ముసలమ్మ మేట చుట్టూ డొంగె పడవ తిప్పాడు. కళ్లు మూసుకుని దారి చెబుతాడు" అన్నాను. నువ్వేమీ చేతగానివాడివి కాదని తెలియాలిగా.

"మరి ఓడ అంత దగ్గరికి ఎందుకొచ్చిందంటారు?"

"నాకు చూపించడానికి బాబూ! ఊళ్లోవాళ్లు నవ్వుతున్నారని నేనే రాశాను. మాట నిలబెట్టుకున్నాడు. అంత పని ఉన్నవాడు అక్క మాట కోసం ఓడని తిప్పుకొచ్చాడంటే, అలాంటివాడిని మీరు పై పదవికి తీసుకోకుండా ఎలా ఉంటారు?"

ఆ అబ్బాయి పెన్ను ఆపి నా మొహం చూశాడు. కళ్లలో ఏదో జాలి కనిపించింది. పులుసు కారమైందేమో అనుకున్నా. లేచి వెళ్లిపోతూ, "పెద్ద అధికారులకి ఇంటి ఉత్తరాలు చదివే తీరిక ఎక్కడుంటుందిలెండి, మా అమ్మ రాసేవి నేనే సగం చదవను" అన్నాడు.

అదిగో, అక్కడ నాకు మండింది. నీ మీద నాకున్న కోపం వేరు. అది మన ఇద్దరిదీ. బయటివాడు వచ్చి నా తమ్ముడు నా ఉత్తరాలు చదవడంటే ఒప్పుకుంటానా? "నువ్వు చదవవేమో, గుడి కట్టిన సంగతి దాకా నేను రాసినదాంట్లో నా తమ్ముడు ఒక్క ముక్క వదలడు" అని పప్పు డబ్బా దించాను. నీ ఉత్తరాలన్నీ అందులోనే పట్టాయి. పైన ఉన్నదే తీసి చేతిలో పెట్టాను. "ఇదిగో చూడు, నీ ఉత్తరం పూర్తిగా చదివాను అని సంతకం పెట్టాడు" అన్నాను. చదివాడు. మళ్లీ చదివాడు. "అమ్మా, ఇది నేను తీసుకెళ్లొచ్చా?" అన్నాడు. "తిరిగి పంపిస్తానంటే తీసుకెళ్లు" అన్నాను. రసీదు రాసిచ్చాడు. ఎంత పద్ధతైన మనిషి!

కవరు అంటించబోతుంటే పోస్టుమాను వచ్చాడు. నీ పద్దెనిమిదో తారీఖు ఉత్తరం. చదివాను. నేను పూర్తిగా చదువుతాను.

దత్తూ, నేనేం చేశానురా?

ఇప్పుడే పాండూని బస్సెక్కించి రత్నగిరికి పంపించాను, ఆ అబ్బాయి ఇంకా అక్కడే ఉంటే కాళ్లు పట్టుకుని ఆ కాగితం తెమ్మని. వాడు ఒక్క మాట కూడా ఎగతాళి చెయ్యకుండా వెళ్లాడు. అది చూస్తేనే నాకు భయమేస్తోంది.

*

పాండూ వచ్చాడు. జీపు నిన్ననే వెళ్లిపోయిందట. ఇది చింపి ఇంకోటి రాద్దామనుకున్నా. నువ్వు వేరేవాళ్ల నోట వినేకంటే నా చేతి రాత చూడటం నయమని ఇదే పంపిస్తున్నా.

*

బొంబాయి
12 జులై 1987

అక్కా,

నా ఒళ్లు బాగుంది. వృంద నడుము బాగుంది. ఎత్తు చెప్పులు మానలేదు. చెప్పడానికి భయపడ్డాను. మేధ, శంతను, అత్తగారు, కుక్క, అందరూ బాగున్నారు. నాలుగు నెలలు నీకు రాయలేదు. కోపంతో కాదు. మొదటి నెల మాత్రం కోపమే.

విచారణ అయిపోయింది. ఎలా అయిందో నువ్వు నా నోటనే వినాలి.

గదిలో అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో వైస్ అడ్మిరల్ గారు. నీ ఉత్తరానికి నేను రాసిన జవాబు బల్ల మీద ఉంది. ఆయన దాన్ని కళ్లద్దాలు సర్దుకుని చదివి అడిగారు, "కెప్టెన్ తాండేల్, గుడి కదిలిందని మీ అక్కగారు మీకు రాశారా?"

"రాశారు సార్."

"మీరు దాన్ని పూర్తిగా చదివానని రాశారు. చదివారా, లేదా?"

చదివానంటే, గుడి కదిలిందని తెలిసి కూడా పాత పటం పట్టుకుని ఓడ నడిపినవాణ్ణి. చదవలేదంటే, సంతకం పెట్టి అబద్ధం రాసినవాణ్ణి. నా వకీలు బల్ల కింద నా కాలు తొక్కాడు, "గుర్తు లేదు" అనమని. ముందురోజు నుంచీ అదే నేర్పించాడు.

"చదవలేదు సార్" అన్నాను.

"ఎందుకు?"

"పొడుగ్గా ఉంటాయి సార్."

ఎవరూ నవ్వలేదు. వైస్ అడ్మిరల్ గారు ఆ కాగితం మడిచి పెట్టి, భోజనానికి గంట విరామమన్నారు. తర్వాత తెలిసింది, ఆయన భోజనం చెయ్యలేదట. సాంగ్లీకి ఫోను కలపమని, వాళ్ల అమ్మగారితో ముప్పావుగంట మాట్లాడారట. గది బయట నిలబడ్డ గుమస్తా చెప్పాడు, ఆయన అవతలివైపు చెప్పేది విన్నారే గానీ ఒక్కసారి కూడా "సరే ఉంటా" అనలేదని.

తీర్పు: తీవ్రమైన అసంతృప్తి అని కాగితం ఇచ్చారు. అడ్మిరల్ జాబితాలోంచి పేరు తీసేశారు. మళ్లీ ఎక్కదు. ఓడ ఇంకొకరికిచ్చారు. కెప్టెన్‌గానే రిటైరవుతాను. నాలుగు గీతలే. అయిదో మొక్కు నువ్వు మొక్కక్కర్లేదు.

నీ మూలాన పోయిందని నువ్వనుకుంటున్నావని శెవంతా రాసింది. నువ్వు గుడి కదిలిందని రాశావు. ఊరు కదిలించింది. పడవలవాళ్లందరూ తెలుసుకున్నారు. ఆ తీరంలో ఆ సంగతి తెలియని నావికుణ్ణి నేనొక్కణ్ణే. తెలియని తప్పు నాది.

ఏప్రిల్ అంతా నాకు పని లేదు. అటక మీంచి పెట్టె దించాను. నీ ఉత్తరాలు చెదలు పట్టకుండా వృందే దాచింది. 1953 నుంచి వరసగా చదివాను. పంతొమ్మిది రోజులు పట్టింది. నాన్న పడవ అమ్మేయాలా వద్దా అని 1961లో నువ్వడిగావు, అయిదో పేజీలో. "ఇక్కడ వాతావరణం బాగుంది" అని నేను జవాబు రాసి ఉంటాను. 1974లో నీ కంటి ఆపరేషన్. ఎనిమిది రోజులు కట్టు కట్టుకుని పడుకున్నావు. "ఒకసారి వస్తావా, రాకపోయినా ఫర్వాలేదు" అని రాశావు. ఆ ఉత్తరంలో అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. కట్టుతోనే రాశావా అక్కా? నేను దానికేం రాశానో నీ పప్పు డబ్బాలో ఉంటుంది. నాకు చెప్పొద్దు.

నన్ను డెహ్రాడూన్ వేశారు. కొండల్లో, సముద్రానికి వేయి కిలోమీటర్ల దూరం. అక్కడ సముద్రపటాలు తయారుచేస్తారు. నా బల్ల మీదికి ఏమొస్తాయో తెలుసా? ఉత్తరాలు. ఏ రేవులో దీపం రంగు మారింది, ఏ కొండ మీద చెట్టు కూలింది, ఏ ఊళ్లో ఏం కట్టారు, ఏం పడగొట్టారు, దేశం చుట్టూ ఉన్న జాలరులూ దీపాల కాపలాదారులూ రాస్తారు. చాలామంది నీలాగే ఆరోగ్యాలతో మొదలుపెట్టి, అసలు సంగతి నాలుగో పేజీలో రాస్తారట. ప్రతిదీ చివరి ముక్క దాకా చదవడం, అదే నా ఉద్యోగం. ఈ బదిలీ రాసిన వైస్ అడ్మిరల్ గారు నవ్వుతూ రాశారో లేదో నాకు తెలియదు.

నేను దిద్దాల్సిన మొదటి పటం మన ఊరిది. గుడిని సరైన చోట పెట్టాలి. సల్దానా కొలతలు ఉన్నాయి గానీ, నేనే ఒకసారి వచ్చి చూస్తానని అడిగాను, ఒప్పుకున్నారు. ఓడలో రాను. బస్సులో వస్తాను. రోజు నువ్వు చెప్పు.

నీ తమ్ముడు
దత్తూ

*

దేవ్‌బందర్ కోళివాడ
6 సెప్టెంబరు 1987

చిరంజీవి దత్తూకి,

నీ ఒళ్లు ఎలా ఉంది? ఆ కొండల్లో చలి మొదలైందా? ఉన్ని బనీను లోపల వేసుకుంటున్నావా, పైన వేసుకుంటున్నావా? వృంద నడుముకి చలి మంచిది కాదు. పిల్లలు బొంబాయిలోనే అమ్మమ్మ దగ్గర ఉన్నారని విన్నాను, మేధ వేళకి తింటోందా? కుక్కని తీసుకెళ్లారా? అక్కడ చిరుతలు కుక్కల్ని ఎత్తుకుపోతాయని పాండూ చెప్పాడు. కొండలు విరిగి పడతాయని కూడా చెప్పాడు. భూమి ఊగుతుందట. ముప్ఫై మూడేళ్లు నిన్ను నీళ్ల దగ్గరనుంచి తప్పించమని మొక్కాను. ఖండోబా ఇప్పుడు విన్నాడు. మొక్కేటప్పుడు ఎంత దూరమో చెప్పి ఉండాల్సింది.

నీ ఉత్తరం పదకొండు పేజీలు. నాకు నాలుగు రోజులు పట్టింది. నువ్వు ఇంత రాయగలవని తెలిస్తే పప్పు డబ్బా బదులు బియ్యం డబ్బా పెట్టేదాన్ని. మళ్లీ చదివాను. కంటి ఆపరేషన్ సంగతి ఇప్పుడెందుకు, అది నయమై పదమూడేళ్లయింది. కట్టుతోనే రాశాను. దానికి నువ్వేం రాశావో చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పను. తీసి చూశాను మాత్రం.

నా తప్పు లేదని రాశావు. నువ్వు మంచివాడివి కాబట్టి రాశావు. నాకు తెలుసు. అవును, కాదు అని రెండు మాటలతో సరిపెట్టమంటే, నేను పులుసు పెట్టి మరీ నీ పదవి పోగొట్టాను. వడ్డిస్తూ ఉంటే నా నోరు ఆగదు. ఇన్ని నెలలూ గుడికి వెళ్లినప్పుడల్లా ఆ రాయి వైపు చూడకుండా పక్కనుంచి వెళుతున్నా. గుడి కమిటీవాళ్లు వచ్చి, "హౌసక్కా, అడ్మిరల్ అయితే రాయి మార్చాలని అట్టేపెట్టిన చోటు ఇంక అక్కర్లేదు కదా, అక్కడ గంట వేలాడదీస్తాం" అన్నారు. వేలాడదీశారు. మోగితే బాగానే ఉంది.

కానీ దత్తూ, "చదవలేదు సార్" అని నువ్వన్నావే, ఆ ముక్క దగ్గర నేను కాగితం కింద పెట్టి కాసేపు బయటికెళ్లి కూర్చున్నాను. నువ్వు నా ఉత్తరాలు చదవలేదని పదిమంది ముందు చెప్పినందుకు నాకు ఏడుపు రావాలి. వచ్చింది. కానీ వకీలు నేర్పిన మాట అనకుండా ఉన్నది చెప్పావే, అది నాన్న లక్షణం. ఆయనా ఒకసారి వల చింపుకొచ్చి, రాయి మీద నెపం పెట్టకుండా "నాకు కునుకు పట్టింది" అని యజమానికి చెప్పి పని పోగొట్టుకున్నాడు. ఆ ఏడు మనం ఎండు రొయ్యపొట్టుతోనే గడిపాం. నీకప్పుడు మూడేళ్లు, నీకు గుర్తుండదు.

పాండూ ఇప్పుడు నిన్నేమీ అనడు. ఎవరైనా అంటే వాడే కొట్టబోతున్నాడు. "మా దత్తూ ఓడ ఇసుకెక్కినా కెప్టెన్ కెప్టెనే, నీ పడవ నీళ్లలో ఉన్నా నువ్వు జీతగాడివే" అంటున్నాడు. ముందే ఇలా అని ఉంటే నేను నిన్ను రమ్మని రాసేదాన్నే కాదు. వాడికి ఈ మాట చెప్పలేదు, ఏడుస్తాడు.

శెవంతా చెయ్యి నయమైంది. ఇది నువ్వు అడుగుతావని ఎదురుచూశాను. నీ పదకొండు పేజీల్లో లేదు. ఫర్వాలేదు, నవంబరు ఉత్తరంలో రెండో పేజీలో ఉంది, మళ్లీ చూడు.

నువ్వొచ్చి గుడిని కొలిచేదాకా దాన్ని ఎవరూ కదపరు. కమిటీ చేత ఒప్పించాను. ఐసు ఫ్యాక్టరీ గొట్టం కూడా పటంలో పెట్టు, అది ఎప్పుడు పడిపోతుందో తెలియదు, పడితే రాస్తాను. ముసలమ్మ మేట ఈ వానలకి దక్షిణంగా ఇంకో పడవ పొడుగు పెరిగింది. అదీ రాసుకో. రేవు కొసన కొత్తగా మూడు తాటిచెట్లు నాటారు. అవి ఎదగడానికి ఇంకా ఇరవై ఏళ్లు పడుతుంది గానీ, మళ్లీ చెప్పలేదనకు.

ఇది ఏడో కాగితం. నువ్వు రావాల్సిన రోజు ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, చూశావా? వృందకి వేరే రాయలేదు. శెవంతాకి చెప్పలేదు. పాండూ అడిగితే వాణ్ణి తిట్టాను. తంతి పంపను. ఈ ఒక్క చోటే రాస్తున్నా. ఆ రోజు ఆకులు వేసి గుమ్మంలో కూర్చుంటా. నువ్వొస్తే చదివావని నాకు తెలుస్తుంది. నువ్వు రాకపోతే, ఏమీ అనను, నీ గొంతు ఎలా ఉందని మళ్లీ ఉత్తరం రాస్తాను.

అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల చేతి వంట తినే భావుబీజ్ నాడు రా. అక్టోబరు ఇరవై నాలుగు, శనివారం, పొద్దున పదింటి లోపల.